గోలు ముందు నిలిచినది

2025 జులై నెలలో ఒకనాటి ఉదయము జగిత్యాలలో మా అధ్యాపకుల గదిలో దినపత్రిక చేతులు మారుచుండెను. ఆటల పుటలో ఒక మూలను నాలుగు వరుసల వార్త పడినది. పదునేడేండ్ల ఆటజీవితము తరువాత భారత మహిళా ఫుట్‌బాల్ జట్టు గోలుకీపరు అదితి చౌహాన్ విరమించుకొన్నదని దాని సారాంశము. నేను పైకి చదివితిని. అర్థశాస్త్రము చెప్పు మిత్రుడొకడు "ఎన్ని గోల్స్ కొట్టింది సార్?" అని అడిగినాడు. ఆమె గోలు కొట్టునది కాదు, ఆపునది అని చెప్పితిని. "అట్లయితే లెక్క ఎట్ల రాస్తరు?" అని ఆయన నవ్వినాడు. గంట మ్రోగినది; ఎవరి తరగతులకు వారము పోయితిమి. ఆ ప్రశ్న మాత్రము నా వెంటనే తరగతిలోనికి వచ్చి కూర్చున్నది.

అర్థశాస్త్రజ్ఞుని ప్రశ్న గనుక దానిని త్రోసివేయుటకు వీలులేదు. వచ్చిన సొమ్మును లెక్కపెట్టవచ్చును. పోకుండ నిలిచిన సొమ్మును ఎవరు లెక్కపెట్టెదరు? దొంగతనము జరుగని రాత్రికి గస్తీవానికి ఏ వీధివారును బహుమానము ఇచ్చినట్లు నేను వినలేదు.

తెలుగు పాఠములు చెప్పి బ్రదుకువాడను గనుక నాకు వెంటనే సైంధవుడు జ్ఞాపకమునకు వచ్చినాడు. పదమూడవనాటి యుద్ధములో అభిమన్యుడు పద్మవ్యూహమును చొచ్చిన పిదప, వాని వెన్నంటి వచ్చుచున్న ధర్మజ భీమ నకుల సహదేవులను మొగదలనే నిలిపివేసినవాడు అతడు. శివుని వరము ఉన్నమాట నిజమే. అయినను ఆ ఒక్క పూట నలుగురు మహావీరులను ఒక్కడు ఆపినాడు. ఆ ఆపుట అధర్మమునకు పనికివచ్చినది కావున మనము మెచ్చుకొనము. మెచ్చుకొనవలెనని నేనును అనను. నా మనవి వేరు. ఆ ఒక్క కథను పట్టుకొని తెలుగువాడు అడ్డుపడుట యను పనికే అతని పేరు పెట్టినాడు. పెండ్లి చెడగొట్టినవాడు సైంధవుడు, బిల్లు తొక్కిపట్టిన గుమాస్తా సైంధవుడు. అడ్డు నిలుచుటలో ఒక విద్య కలదనియు, అది మంచి పక్షమున నున్నప్పుడు పొగడదగినదనియు చెప్పుటకు మన వాడుకలో అంతటి పదును గల మాట లేదు. పోనీ ద్వారపాలకులందమా, జయవిజయులు గుర్తునకు వచ్చెదరు. వారిని లోకము తలచునది వారు వాకిలి కాచిన యుగములకు కాదు. సనకాదులను ఆపి శాపము తెచ్చుకొన్న ఒక్క క్షణమునకు. గోలుకీపరు బ్రదుకును ఇంతకంటె చక్కగా చెప్పిన పురాణకథ మరియొకటి నాకు దొరకలేదు. తొంబది నిమిషములు కాచినది ఎవరికిని గుర్తుండదు. చేతిలోనుండి జారిన బంతి పదేండ్లు గుర్తుండును.

ఆటను నిర్మించినవారికే ఈ మనిషి మొదట గుర్తురాలేదు. 1863లో ఇంగ్లండులో ఫుట్‌బాల్ నియమములు వ్రాసికొన్నప్పుడు గోలుకీపరు అను మాటయే అందులో లేదు. 1871లో గాని ఆ పేరు నియమములలోనికి ఎక్కలేదు. ఎక్కిన తరువాత సంకెళ్ళు మొదలైనవి. 1912లో, తన పెనాల్టీ గీతల లోపల తప్ప చేతులు వాడరాదనిరి. 1992లో, తోటివారు కాలితో వెనుకకు ఇచ్చిన బంతిని చేతితో పట్టరాదనిరి. 2025లో, ఎనిమిది సెకండ్లకు మించి బంతిని చేత నుంచుకొన్నచో ఎదుటివారికి కార్నరు తన్ను ఇత్తుమనిరి. ఇన్ని కట్టుబాట్ల నడుమ 24 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు గల వాకిలిని ఒక్క మనిషి కాయవలెను. పెనాల్టీ పడినచో బంతికిని ఆమెకును నడుమ 12 గజముల దూరము మాత్రమే. చూచి దూకుటకు వ్యవధి యుండదు. తన్నువారి నడుము వాలును, నిలుకడకాలి మడమను చూచి ముందుగనే ఊహింపవలెను. దానిని అదృష్టమందురు గాని, ఒక కొండంత అభ్యాసము దాని వెనుక నుండును.

అమెరికాలో 1999 జులై 10వ తేదీన మహిళల ప్రపంచకప్పు తుదిపోటీ జరిగినది. రోజ్ బౌల్ మైదానములో 90,185 మంది ప్రేక్షకులు. అమెరికా, చైనా జట్లు నూట ఇరువది నిమిషములాడియు ఒక గోలు చేయలేకపోయినవి. పెనాల్టీలకు వచ్చిరి. చైనా మూడవ తన్ను తన్నిన లియు యింగ్ బంతిని బ్రియానా స్కర్రీ ఎడమకు దూకి నెట్టివేసినది. అమెరికా గెలిచినది. మరునాడు లోకమంతటను పత్రికలలో పడిన బొమ్మ ఎవరిది? చివరి తన్ను తన్ని, చొక్కా విప్పి మోకాళ్ళపై కూర్చున్న బ్రాండీ చాస్టెయిన్‌ది. అందరును అయిదు తన్నులును గోలులు చేసిరి; గెలుపోటములను తేల్చినది ఆపిన ఆ ఒక్క తన్ను. బొమ్మలో మాత్రము ఆ చేతులు లేవు. ఆ చేతులు గల మనిషి 2010లో తలకు దెబ్బ తగిలి ఆటకు దూరమై, రోగముతో, పేదరికముతో నలిగి, తాను గెలిచిన ఒలింపిక్ స్వర్ణపతకములను కుదువ పెట్టుకొన్నదని తరువాత తానే చెప్పుకొన్నది. నేనీ మాట సానుభూతి కొరకు వ్రాయుటలేదు. బొమ్మలో లేనివారికి కష్టకాలమున అప్పు కూడ పుట్టదని చెప్పుటకు వ్రాయుచున్నాను.

ఇక అదితి చౌహాన్ కథ. ఆమె 1992లో చెన్నపట్టణమున పుట్టి ఢిల్లీలో పెరిగినది. మొదట బాస్కెట్‌బాల్ ఆడెడిది. చేతులతో బంతి పట్టు నేర్పు చూచి ఒక శిక్షకుడు ఆమెను ఫుట్‌బాల్ గోలు ముందు నిలబెట్టినాడు. గోలుకీపర్లలో పెక్కుమంది కథ ఇట్లే మొదలగును. ఎవరును చిన్ననాడు "నేను గోలు కాచెదను" అని కలగనరు, ఎవరో ఒకరు అక్కడ నిలబెట్టుదురు. పదునైదవ యేట ఢిల్లీ బాలికల జట్టులో చేరినది. బి.ఏ. చదివినది. ఆ పిమ్మట ఇంగ్లండునకు పోయి లఫ్‌బరో విశ్వవిద్యాలయములో క్రీడానిర్వహణ శాస్త్రమున ఎం.ఎస్‌సి. చేసినది. 2015లో, ఇరువదిరెండవ యేట, లండను నగరపు వెస్ట్ హామ్ మహిళా జట్టు ఆమెను తీసికొన్నది. ఇంగ్లండు లీగు ఆటలలో ఆడిన మొదటి భారతీయ స్త్రీ ఆమెయే.

ఆ చరిత్ర గల దినము 2015 ఆగస్టు 16. ఎదుటివారు కొవెంట్రీ జట్టు. ఫలితము: వెస్ట్ హామ్ అయిదు గోలుల తేడాతో ఓడినది. ఒక దేశపు ఆడపిల్లల కొరకు తలుపు తెరిచిన నాడే ఆమె వెనుక వలలో అయిదుమార్లు బంతి పడినది! ఇదియే ముందువరుస ఆటగత్తె కథయైనచో మొదటి దినమే గోలు కొట్టినది, చప్పట్లు మ్రోగినవి అని వ్రాసికొనెడివారము. గోలుకీపరు చరిత్ర ఇట్లుండును: వలలోనుండి బంతిని అయిదుమార్లు తానే తీసి, నడిమి గీతకు తానే విసరి, మరల వచ్చి నిలుచుండవలెను. మరునాడు అభ్యాసమునకు పోవలెను. ఆమె పోయినది, అక్కడ నిలిచి ఆడినది. తిరిగివచ్చి గోకులం కేరళ జట్టుతో రెండుమార్లు భారత మహిళా లీగును గెలిచినది. భారతదేశము పక్షమున 57 పోటీలలో గోలు కాచినది. మోకాలి నరము తెగి నెలల తరబడి మంచము పట్టి మరల లేచినది. ఢిల్లీలో ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పు బడి పెట్టినది. 2022 జనవరిలో మన దేశముననే ఆసియా కప్పు జరిగినప్పుడు ఆమె యున్న జట్టు ఇరానుతో గోలు లేకుండ సమముగ ఆడినది; రెండవ ఆట నాటికి కోవిడు జట్టంతయు వ్యాపించి, మైదానములోనికి దిగుటకు చాలినంతమంది లేక, పోటీనుండియే తప్పుకొనవలసి వచ్చినది. బంతిని ఆపు చేతులు రోగమును ఏమి ఆపగలవు?

ముప్పదిరెండేండ్లకు ఆమె విరమించినది. ఈ ముప్పదిరెండు అను అంకె కడ నేను కొంచెము ఆగవలసియున్నది. ఈ వ్యాసము వ్రాయుటకు అసలు కారణము అదియే.

ఫుట్‌బాల్‌లో గోలుకీపరు ఆలస్యముగ పండు పంట. పరుగు పదునారేండ్లకే వచ్చును. ముందువరుసలో ఆడు పిల్ల వేగమును పదునాలుగేండ్లకే కనిపెట్టవచ్చును. కాని ఎచట నిలువవలెను, ఎప్పుడు గోలు విడిచి ముందుకు రావలెను, తన ముందున్న నలుగురిని ఎట్లు కేకతో నడుపవలెను అనునవి ఓడిపోయిన ఆటలు నేర్పు చదువులు. వానికి ఏండ్లు పట్టును. జర్మనీ దేశపు నాదీనె ఆంగెరర్ 1996లో జాతీయ జట్టునందు తొలిసారి ఆడినది. తరువాత పదేండ్లకు పైగ రెండవ గోలుకీపరుగ బల్లపై కూర్చున్నది. 2007లో మొదటి గోలుకీపరు సిల్కె రోటెన్‌బర్గ్ మోకాలికి గాయమైనందున చైనాలో జరిగిన ప్రపంచకప్పున ఈమెకు చోటు దొరకినది. అప్పటి కామెకు ఇరువదియెనిమిదేండ్లు. ఆరు ఆటలు, ఒక్క గోలైనను ఇయ్యలేదు. తుదిపోటీలో బ్రెజిల్ దేశపు మార్తా తన్నిన పెనాల్టీని కూడ ఆపినది. 2013లో ఐరోపా కప్పు తుదిపోటీలో నార్వేవారి పెనాల్టీలు రెండింటిని ఆపినది. ఆ సంవత్సరమునకు లోకములో ఉత్తమ క్రీడాకారిణిగ ఎన్నికైనప్పుడు ఆమెకు ముప్పదియైదేండ్లు. స్త్రీలలో గాని పురుషులలో గాని ఫిఫావారి ఆ బహుమానము పొందిన మొదటి గోలుకీపరు ఆమె. బల్లపై కూర్చున్న ఆ పదేండ్లలో ఎవరైనను "ఇక చాలు, ఇంటికి రా" అని యుండినచో?

మన ఊళ్ళలో అనెదరు. జగిత్యాలలో, కోరుట్లలో, సిరిసిల్లలో నేను పాఠములు చెప్పిన ముప్పది యేండ్లలో అనుచునే యున్నారు. పదునెనిమిది నిండినదో లేదో సంబంధములు చూచుట మొదలు. పందొమ్మిదిలో లగ్నము. ఫుట్‌బాల్‌లో ఇతర స్థానములలో ఆడు పిల్ల ఆ పాటికి ఏదో ఒక పోటీలో మెరసి, పేరు పత్రికలో పడి, బలవంతముగనైనను కొంత దారి తెరచుకొని యుండును. గోలు ముందు నిలుచు పిల్ల అప్పటికి ఇంక అక్షరాభ్యాసము దాటదు. కావున మన పెండ్లి వయస్సు ఆడపిల్లల ఆటనంతటిని దెబ్బ తీయుచున్నను, అందులోను వేరుతో పెరికివేయునది గోలుకీపరునే. ఇది నా అభిప్రాయము. కాదనువారు ఇరువదియైదేండ్ల వయస్సున గోలు కాచుచున్న పిల్లను మా మూడు ఊళ్ళలో నాకొకతెను చూపవలెను.

మనకు ఈ ఆట కొత్త కాదు. హైదరాబాదు పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగ అయిదేండ్లు రోవర్స్ కప్పు గెలిచినది. ఆ జట్టును తీర్చిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ చేతి చలువనే 1962లో జకార్తాలో భారతదేశమునకు ఆసియా క్రీడల స్వర్ణము వచ్చినది. 2024లో ఆయనపై హిందీలో చలనచిత్రము కూడ తీసిరి. ఆ జట్టులో గోలు కాచిన పీటర్ తంగరాజు హైదరాబాదులో పుట్టినవాడే. మొదట ముందువరుసలో ఆడి పిదప గోలునకు మారిన ఆజానుబాహువు. 1967లో అర్జున పురస్కారము నందుకొన్నాడు. చూనీ గోస్వామి పేరు, పి.కె. బెనర్జీ పేరు నేటికిని జనము నాలుకపై నున్నవి. తంగరాజు పేరు మా విద్యార్థులలో ఒక్కనికి తెలియదు. ఏటేట అడుగుచునే యున్నాను.

ఆడవారి ఆట మాట చెప్పవలెనన్న, 1980లో కాలికట్టున జరిగిన ఆసియా మహిళా పోటీలలో మన జట్టు రెండవ స్థానము పొందినది. అంతటి ఆరంభము తరువాత నలుబది యేండ్ల నిద్ర. 2025 జులై 5న థాయ్‌లాండు జట్టును దాని స్వదేశముననే 2-1 తేడాతో ఓడించి మనవారు 2026 ఆసియా కప్పునకు అర్హత పోటీలు గెలిచి తొలిసారి చోటు సంపాదించిరి. రెండు గోలులును చేసిన సంగీతా బాస్ఫోర్ పేరు పత్రికలలో పెద్ద అక్షరములలో వచ్చినది, రాదగినదే. ఆ పోటీలలో గోలు కాచిన మణిపూరు పిల్ల ఏలాంగ్‌బమ్ పాంథోయ్ చానూ పేరు వెదుకుకొనవలసి వచ్చినది. పదునొకండు దినముల తరువాత అదితి విరమణ వార్త ఆ నాలుగు వరుసలు.

మాకు పొరుగున నిజామాబాదు కలదు. కోరుట్లలో బస్సెక్కినచో మెట్‌పల్లి, ఆర్మూరుల మీదుగ ఒక పూటలో పోయి రావచ్చును. ఆ జిల్లాలో తండాలో పుట్టిన గుగులోతు సౌమ్య పదునాలుగేండ్లలోపు బాలికల జట్టుతో దేశము తరఫున ఆడి, 2022లో క్రొయేషియా దేశమునకు పోయి డైనమో జాగ్రెబ్ జట్టులో చేరి, 2025లో దేశములో ఉత్తమ క్రీడాకారిణిగ అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యవారి పురస్కారము పొందినది. ఆమె ముందువరుస ఆటగత్తె. మన నేలలో కాళ్ళున్నవని ఆమె నిరూపించినది. చేతులు లేవా యని నా ప్రశ్న.

చేతులకు కొదవయా! కోరుట్ల వాడలలో ఏ అరుగు చూచినను ఒడిలో చాట పెట్టుకొని బీడీలు చుట్టు స్త్రీలు కనబడుదురు. వేయి బీడీలకింత అని కూలి. తునికాకు కత్తిరించుట, తంబాకు పోయుట, చుట్టుట, దారము కట్టుట — కన్ను వేరొక చోట నుండగనే వ్రేళ్ళు తమ పని తాము చేసికొనుచుండును. సిరిసిల్లలో మగవారు సాంచెలు నడుపుచుండగ ఆడువారు కండెలు చుట్టుదురు. ఆ చేతుల వేగమును చూచినవాడెవడును మా పిల్లలు బంతి పట్టలేరనడు. ఇంగ్లండులో ఆడవారి ఫుట్‌బాల్ పుట్టినది కూడ పెద్దింటి తోటలలో కాదు. 1917లో ప్రెస్టను పట్టణములో డిక్ కెర్ వారి ఆయుధ కర్మాగారములో పనిచేసిన కూలిపిల్లలలో. 1920 డిసెంబరు 26న వారి ఆట చూచుటకు లివర్‌పూలులో 53,000 మంది వచ్చిరి. మరుసటి యేడు 1921 డిసెంబరులో పెద్దమనుష్యులు కూర్చుండి, ఈ ఆట ఆడువారికి తగదని తీర్మానించి తమ మైదానములను మూసివేసిరి. ఏబది యేండ్లకు గాని మరల తెరువలేదు. అచట తీర్మానము వ్రాసి మూసిరి కావున తేదీ చెప్పగలుగుచున్నాము. మన వద్ద తీర్మానము లేదు, కావున తేదీయు లేదు.

తేదీ లేని ఆ తీర్మానమున ఒకచో నా సంతకము కూడ కలదు. అది చెప్పక ఈ వ్యాసము వ్రాయుటకు నాకు హక్కు లేదు.

కొన్నేండ్ల క్రిందట కోరుట్లలో పనిచేయుచుండగ నా తరగతిలో ఒక పిల్ల యుండెడిది. తల్లి బీడీలు చుట్టును, తండ్రి దుబాయిలో ఇండ్లు కట్టు పనిలో నుండెను. కళాశాల బాలికల జట్టునకు ఈమె గోలుకీపరు. జట్టు అనగా పెద్ద ఊహింపవలదు. పదునొకొండుగురు చేరుటకే పదిమందిని బ్రతిమాలవలసియుండెను. గోలుకీపరు తొడుగుకొను చేతొడుగులు కొనుటకు పైకము లేదు. సెలవుపై వచ్చిన తండ్రి తాను పనిలో వాడు తోలు చేతొడుగుల జత ఒకటి ఇంట వదలిపోయినాడట. ఆ పిల్ల వానినే తొడుగుకొని ఆడెడిది. ఆమె అరచేతుల కవి రెండంతలు పెద్దవి. మణికట్టు కడ గుడ్డపీలికతో కట్టుకొనెడిది.

అంతర కళాశాల పోటీలు జగిత్యాలలో జరిగినవి. నన్ను పిల్లల వెంట పంపిరి. ఆట నాకు అంతగ తెలియదు. ఎండకు గొడుగు పట్టుకొని గీత వెంబడి కూర్చున్నాను. ఆట సమముగ ముగిసి పెనాల్టీలు పడినవి. మా పిల్ల రెండు ఆపినది. మావారు మూడు బయటకు తన్నిరి. ఓడిపోయితిమి. మరునాడు వార్తలో ఎదుటి జట్టున చివరి తన్ను తన్నిన పిల్ల పేరున్నది. మా జట్టు పేరు కూడ తప్పుగ పడినది. తిరుగు బస్సులో నేను ఆ పిల్లను ఓదార్చబోయి, అంతసేపు నిలుచుండి బంతిని ఆపుట కష్టము కదమ్మా అంటిని.

"ఆపుడు కష్టం కాదు సార్," అన్నది. "బాల్ అటుదిక్కు ఉన్నప్పుడే కష్టం. ఎవలు ఎక్కడున్నరో సూస్కుంట ఉండాలె. మనకేం పని లేదనుకుంటరు గని, అప్పుడే ఎక్కువ పని."

ఆటను గూర్చి ఇంత చక్కని మాట నేను ఏ గ్రంథములోను చదువలేదు.

రెండవ సంవత్సరపు నడుమ ఆమె తండ్రి దుబాయినుండి నాకు ఫోను చేసినాడు. "సార్, మీరు సదువుకున్నోళ్ళు. సిరిసిల్ల సంబంధం ఒచ్చింది. పిలగాడు సాంచెలు నడిపిస్తడు, తాగుడు లేదు. పిల్లేమో ఇంక ఆడతనంటున్నది. ఏం జేయమంటరు?" నేను ఒక్క నిమిషము కూడ ఆలోచింపలేదు. ఆట ఎన్నాళ్ళుండును, మంచి సంబంధము మరల రాదు, చదువు ప్రైవేటుగ కట్టుకొనవచ్చును అని చెప్పితిని. ఆయన "సల్లగుండు సార్" అని ఫోను పెట్టివేసినాడు. ఆనాడు నేను మంచి పని చేసితినని తలచి సుఖముగ నిద్రించితిని. ఆంగెరర్ ఎన్నేండ్లు బల్లపై కూర్చున్నదో అప్పటికి నాకు తెలియదు. తెలిసియున్నను అదే చెప్పియుందునేమో! ఇంటి పెద్ద అడిగినప్పుడు గురువు నోట వచ్చు మాట ఒక్కటే. ఆ మాట తరతరములుగ నలిగి సిద్ధముగ నుండును.

పెండ్లి కూడదని నేననుట లేదు. ప్రభుత్వము పేదింటి ఆడపిల్ల పెండ్లికి కల్యాణలక్ష్మి క్రింద ఇచ్చు సొమ్మును 1,00,116 రూపాయలకు పెంచినప్పుడు నేను సంతోషించినవాడను; అప్పుచేసి పొలమమ్ముకొను తండ్రులను ఎరుగుదును గనుక. కాని ఆ నూటపదార్ల లక్షలో ఒక వందవ వంతు ఒక జత మంచి చేతొడుగులకు వచ్చును. దానిని ఇచ్చు పద్దు ఏ కార్యాలయమందును లేదు. పెండ్లియైన పిల్ల ఆడరాదని ఏ శాస్త్రమునందును లేదు, ఏ విశ్వవిద్యాలయ నిబంధనయందును లేదు. అత్తవారింటినుండి వచ్చి ఆడు పిల్లకు బస్సు కిరాయి, కాపాడుకొన పసిబిడ్డ యున్నచో ఆ బిడ్డకు మైదానము ప్రక్క నీడ — ఇంతకంటె పెద్ద కోరికలు నాకు లేవు. 2021 నుండి ఫిఫావారి నిబంధన ప్రకారము జీతము పుచ్చుకొని ఆడు స్త్రీకి ప్రసూతి కాలమున పదునాలుగు వారముల సెలవు, అందులో జీతము కొంతయు ఇయ్యవలసియున్నది. తల్లియైన పిదప ఆట ముగియలేదని లోకము ఒప్పుకొన్నది. మా వాడలలో తల్లి కాకమునుపే ముగియుచున్నది.

మరియొకటి శిక్షకుల మాట. మా జిల్లాలలో ఆటలు నేర్పువారు కలరు, మంచివారు కూడ. కాని గోలుకీపరును ప్రత్యేకముగ తీర్చువాడు వేరు. పదిమంది ఒకవైపు పరుగెత్తుచుండగ ఆ ఒక్క పిల్లను "నీవు గోలులో నిలువు" అని వదలివేయుట శిక్షణ కాదు. దానిని మా వైపు పొలమున బెదురుబొమ్మను నిలుపుట అందుము. నెలకు రెండు దినములు హైదరాబాదునుండి అట్టివాడొకడు వచ్చి మూడు ఊళ్ళ పిల్లలను ఒకచోట చేర్చి నేర్పినను చాలును. పత్రికలవారికి నా విన్నపము ఇంకను చిన్నది: గోలు చేసినవారి పేరు వ్రాయునప్పుడు ఆ ప్రక్కనే కాచినవారి పేరు వ్రాయుడు. అచ్చునకు అర అంగుళము పట్టును. ఆ అర అంగుళము కత్తిరించి ఇంటిగోడకు అంటించుకొన్న పిల్లకు సంబంధము చూచుటకు తండ్రి మరియొక యేడు ఆగవచ్చును. ఆ ఒక్క యేడే గోలుకీపరునకు కావలసినది.

మొన్నటి దసరా సెలవులలో సిరిసిల్ల పోయినప్పుడు బజారులో ఆ పిల్ల ఎదురుపడినది. చంకన రెండేండ్ల కూతురున్నది. నన్ను గుర్తుపట్టి నమస్కరించి, ఇంటికి రమ్మని పట్టుపట్టినది. నేతవాడలో రెండు గదుల ఇల్లు. సాంచెల చప్పుడు గోడలలోనుండి వచ్చుచుండెను. బీడీల చాట మూలకు జరిపి కుర్చీ వేసినది. చదువు పూర్తిచేయలేదట. తండ్రి ఇంకను దుబాయిలోనే యున్నాడట. నేను చేసిన సంబంధమే యని ఆమెకు తెలియునో తెలియదో నాకు తెలియదు, నేను చెప్పలేదు. బిడ్డ మంచముపై నిలిచి ఉల్లిగడ్డ నొకదానిని తల్లిమీదికి విసరినది. ఆమె నాతో మాటలాడుచునే చూడకుండ పట్టుకొని బుట్టలో వేసినది.

లేచి వచ్చునప్పుడు, ఆ తోలు చేతొడుగులు ఉన్నవా యని అడిగితిని.

"ఉన్నయి సార్," అని నవ్వినది. "పొయ్యి మీది గంజు దించెతందుకు వాడుకుంటున్న. ఎడమచేతిదాని కుట్లు పోయినయి."